బత్తాయి బూజు

నవనీత అరుగు మీద కూర్చుని బత్తాయి తొక్కల్లోంచి చెత్త ఏరుతోంది. హైవే మీది జ్యూస్ బండ్ల నుంచి ఆటోలో వచ్చిన గోనెసంచులవి. తొక్కలతో పాటు ప్లాస్టిక్ గొట్టాలు, గింజలు, నలిపి పారేసిన కాగితపు గ్లాసులు వస్తాయి. వాటిని తీసేసి, తొక్కను రెండుగా చింపి, లోపలి తెల్లటి మెత్తని పొర పైకి కనబడేలా చాప మీద పరవాలి. ఎండ ఉంటే మధ్యాహ్నానికల్లా పెళపెళలాడేవి. ఇప్పుడు ఎండ లేదు. ముసురు పట్టి ఊరంతా తడిసిన గొంగడిలా ఉంది. తొక్కలు ఎండక, మెత్తబడి, పుల్లటి వాసన వేస్తున్నాయి.

"పెద్ద సదువు సదివి తొక్కలేరుకుంట కూసున్నవా తల్లీ," అంది లోపలి నుంచి అండాలు. గుంట మగ్గంలో నడుము దాకా దిగి కూర్చున్న ఆమెకు కిటికీలోంచి కూతురి వీపు మాత్రమే కనిపిస్తుంది. "మీ యూనివర్సిటీల తొక్కల డిగ్రీ గూడ ఇస్తరా?"

"ఇస్తరమ్మా. నీకే ఇప్పిస్త. ఏరుడు నాకంటె నీకే మంచిగొస్తది."

"నాకొద్దు బిడ్డా. మగ్గం డిగ్రీ పెండ్లినాడే ఇచ్చిండు మీ నాయిన. అది మోసుడే కష్టమైతుంది."

వాకిట్లో నూలు ముంచి రంగద్దే గోలేలను కడిగి బోర్లిస్తున్న వైకుంఠం తలెత్తకుండానే నవ్వాడు. రంగు అద్దేవాడికి ముసురు పట్టిందంటే సెలవే. తడి ఆరని నూలు మీద రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. అందుకే గట్టుపాముల ఊళ్లో ముసురు రాగానే అద్దకం ఇళ్లన్నీ గోలేలు బోర్లిస్తాయి. వాన తగ్గి నూలు దండెం ఎక్కేదాకా వాటిని తిప్పరు. తాతల కాలం నుంచీ అంతే. మగ్గాలు మాత్రం ఆగవు. ముందే అద్ది పెట్టుకున్న నూలుతో నేస్తూనే ఉంటారు.

పోయిన చలికాలం వరకూ ఈ గోలేలు కడిగిన నీళ్లన్నీ ఊరి కింది కుంటలోకి పోయేవి. ఆ కుంట ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా, చాలా రోజులు పేరు పెట్టలేని రంగులో ఉండేది. బర్రెలు దాని దగ్గరికి వచ్చి వాసన చూసి వెనక్కి తిరిగేవి. వైకుంఠం తమ్ముడు లింగస్వామి చిన్నప్పటి నుంచీ గోలేల దగ్గరే పెరిగి, ఇరవై ఏళ్లు రంగులో చేతులు పెట్టి, చివరికి మూత్రంలో రక్తం పడి పోయాడు. రంగు మందులే కారణమని పట్నం డాక్టరు అన్నాడు. అప్పటి నుంచి వైకుంఠం కుంట నీళ్లను సీసాలో పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. తన కూటిని తానే కాలదన్నుకుంటున్నాడని కులపోళ్లు తిట్టారు. తిట్టినవాళ్లకు తలవంచి నమస్కారం పెట్టి మళ్లీ బస్సెక్కేవాడు.

ఆ నీళ్లను తేర్చింది చివరికి ఆఫీసులు కాదు, నవనీత.

బత్తాయి తొక్క రంగును పట్టుకుంటుందని యూనివర్సిటీ లాబులో అందరికీ తెలిసిందే. ఎర్రనీళ్ల గ్లాసులో ఎండిన తొక్కల పొడి వేసి కలిపితే కాసేపటికి నీళ్లు తేటపడతాయి. కానీ తొక్క రంగును పట్టుకుంటుందే తప్ప అరిగించుకోదు. దానిలో చోటు నిండాక ఆగిపోతుంది. రంగు నిండిన ఆ పొడిని ఎక్కడ పారెయ్యాలి? మళ్లీ ఏదో కుంటలోకే. నవనీత పరిశోధన అక్కడే ఆగిపోయింది. ఒక చలికాలంలో లాబు వెనక ఎవరో మరిచిపోయిన తడి గోనెసంచి విప్పితే, ఎర్రబారిన తొక్కల మీద సన్నటి తెల్ల బూజు పట్టి ఉంది. బూజు పట్టినంత మేరా తొక్క తిరిగి తెల్లబడింది.

ఆమె ఎవరికీ చెప్పకుండా చాలాకాలం దాన్ని చూస్తూ కూర్చుంది. చూడటం ఆమెకు బాగా వచ్చిన పని. రంగు తొక్క తప్ప మరేదీ దొరకకుండా దాన్ని తరం తర్వాత తరం పెంచింది. చక్కెర పెట్టినా ముట్టకుండా రంగు కోసం మాత్రమే పాకే బూజు తయారయ్యేదాకా పెంచింది. అప్పుడు తన గైడు ఖదీర్ సారుకు చూపించింది. తొక్క పట్టుకుంటుంది, బూజు తింటుంది, తొక్క మళ్లీ ఖాళీ అవుతుంది. పొడి మార్చాల్సిన పని లేదు, పారెయ్యాల్సిన పని లేదు. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "అమ్మా నవనీతా, ఇది మీ ఊర్లోనే మొదలుపెడదాం," అన్నాడు.

కుంట పక్కన సిమెంటు తొట్టి కట్టి, అడుగున ఇసుక, పైన బూజు కలిపిన తొక్కల పొడి పరిచారు. రంగు నీళ్లు పైన పోస్తే కింద తేట నీళ్లు వచ్చాయి. మొదటిరోజు వైకుంఠం ఆ నీళ్లను దోసిట్లో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"చేతి గీతలు కనబడుతున్నయే," అన్నాడు చివరికి. ఆ రోజు ఆయన అన్నం తినలేదు. ఎందుకని అడిగితే కడుపు నిండిందన్నాడు.

తాగడానికి ఊళ్లో నల్లా నీళ్లున్నాయి. అయినా నవనీత తొట్టి దగ్గర తన చేత్తోనే 'ఈ నీళ్లు తాగరాదు' అని పెద్ద అక్షరాలతో రాసింది. ఎవరూ తాగలేదు కూడా. కానీ నేతగాళ్లు ఆ నీళ్లకు మరిగారు. బోరు నీళ్లలో నానబెట్టిన దారపు కండెల మీద ఉప్పు పేరుకుని దారం గరుకెక్కేది. ఈ నీళ్లలో నానిన కండె వెన్నలా జారేది. ఇంటికో బిందె చొప్పున మగ్గాల పక్కకు చేరింది. అడ్డపోగు పేకకు తడి కండెలు వాడే ప్రతి ఇంట్లోనూ ఆ బిందె ఉంది.

తొట్టి కట్టాక వచ్చిన మొదటి ముసురు ముదిరింది. గోలేలు బోర్లించే ఉన్నాయి. తొట్టిలోకి రంగు చుక్క పోయి చాలా రోజులైంది. తొట్టిలో ఉన్నదానికి రోజూ కూడు పడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నవనీతకు కూడా.

ముందుగా అండాలు మాటలు తగ్గాయి. నేసేటప్పుడు పక్కింటి బాలమణితో గోడ మీదుగా మాట్లాడటం, ఎత్తిపొడవటం ఆమెకు ఊపిరితో సమానం. ఒకరోజు మధ్యాహ్నం మగ్గం ఆగింది. నవనీత లోపలికి వెళ్తే, గుంటలోంచి పైకి లేవబోయి లేవలేక అంచు పట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమైందమ్మా?"

"ఏం కాలే. గుంట లోతైంది."

"గుంట లోతైతదా?"

"రాత్రికి రాత్రి మీ నాయిన తవ్విండో ఏమో. వేరే పెండ్లాన్ని తెచ్చుకునేటట్టున్నడు."

నవ్వబోతే చిగుళ్లు కనిపించాయి. తెల్లగా ఉన్నాయి. నవనీత తల్లి చెయ్యి పట్టుకుని గోరు నొక్కి వదిలింది. నొక్కినప్పుడు ఎంత తెల్లగా ఉందో వదిలాకా అలాగే ఉంది.

బాలమణికీ అలాగే ఉందన్నారు. వీధి చివరి మగ్గం సత్తయ్య బడి దాకా నడవలేక మధ్యలో కూర్చుండిపోయాడు. రక్తం తక్కువని ఊరి డాక్టరు ఇనుము మాత్రలు ఇచ్చాడు. మాత్రలతో తగ్గలేదు. నల్లగొండ ఆస్పత్రిలో అండాలుకు రక్తం ఎక్కించారు. సాయంత్రానికి ఆమె పెదాలకు రంగు వచ్చింది, దాంతో నోరూ వచ్చింది. పక్క మంచం ఆమెతో పోట్లాడి, నర్సుకు పెండ్లి సంబంధం చూస్తానని మాటిచ్చి, బస్సులో సీటు కోసం కండక్టరును దబాయించింది.

"ఎవలి రక్తమో గని మంచి కారం మనిషిది," అన్నాడు వైకుంఠం.

"నీకు గూడ ఒక సీసా ఎక్కించాల్సుండె. జర ఉషారైతువు."

బస్సులో నవనీత తల్లి పక్కనే కూర్చుంది. సూది తీసేటప్పుడు చిందిన రక్తం అండాలు చీర తెల్ల అంచు మీద రూపాయంత మరక అయింది. నకిరేకల్ దాటేటప్పటికి ఆ మరక గులాబీరంగులో ఉంది. అప్పుడు నవనీత దాన్ని పట్టించుకోలేదు. ఊరి మలుపు తిరిగేటప్పుడు మళ్లీ చూసింది. మరక లేదు. రక్తపు మరక సబ్బు పెట్టి రుద్దినా పోదు. బట్టల ఇంట్లో పుట్టిన పిల్ల ఆమె. అంచును వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. దారం గట్టిగా ఉంది, ఆరి ఉంది. రంగు మాత్రం లేదు.

వారం తిరక్కముందే అండాలు పెదాలు మళ్లీ పాలిపోయాయి.

నవనీత తల్లి వేలి నుంచి ఒక చుక్క తీసుకుని లాబుకు వెళ్లింది. ఖదీర్ సారు మైక్రోస్కోపులో ముందు తను చూశాడు. తర్వాత పక్కకు జరిగి ఆమెను చూడమన్నాడు. ఎర్రటి గుండ్రటి కణాల మధ్య సన్నటి తెల్లని పోగులు. పోగు తగిలిన కణం గాజులా తేలిపోతోంది.

"మనదే సార్," అంది నవనీత.

సారు కుర్చీలో కూలబడ్డాడు. "రక్తం ఎరుపు కూడా రంగే కదమ్మా. మధ్యలో ఇనుము పెట్టుకున్న ఉంగరం లాంటి అణువు. రంగు తప్ప ఇంకేదీ తినొద్దని మనం దానికి నేర్పాం. ఏ రంగో చెప్పలేదు."

"నీళ్లు ఎవ్వరు తాగరు సార్. ఒక్క చుక్క గూడ."

తొట్టి కింది నీళ్లను పరీక్షించారు. ఎండాకాలంలో పట్టి ఉంచిన నీళ్లలో ఏమీ లేదు. ముసురులో పట్టిన నీళ్లలో కంటికి ఆనని తునకలున్నాయి. రంగు దొరికినన్నాళ్లూ తొక్కను కరుచుకుని ఉన్న బూజు, ఆకలి కాగానే తునకలు తునకలై ఇసుకను దాటి బయల్దేరింది. అంతవరకూ అర్థమైంది. మనుషుల్లోకి ఎలా వెళ్లిందో అర్థం కాలేదు.

నవనీత ఇల్లిల్లూ తిరిగింది. వ్యవసాయం చేసేవాళ్లు బాగానే ఉన్నారు. రోజూ తొట్టి నీళ్లలో చేతులు పెట్టే తండ్రి బాగానే ఉన్నాడు. పోగుల మీద బొమ్మ గీసి, రంగు అంటకుండా రబ్బరు చుట్టేవాళ్లూ బాగానే ఉన్నారు. మగ్గం ఎక్కినవాళ్లే పాలిపోతున్నారు.

బాలమణి గుంటలో కూర్చుని, గోడకు తల ఆనించి ఆయాసపడుతూనే నేస్తోంది.

"ఆపరాదు అత్తా," అంది నవనీత.

"ఈ చీర దించినంక ఆపుత బిడ్డా. పెండ్లివాళ్లది."

అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడెలో దారం అయిపోయింది. బాలమణి గిన్నెలోంచి తడి కండె తీసి నాడెలో పెట్టింది. దారం కొసను నాడె పక్కనున్న బెజ్జం దగ్గరికి తెచ్చింది. నాడెను ఎత్తి పెదాలకు ఆనించుకుని 'సుయ్' మని పీల్చింది. దారం బెజ్జంలోంచి దూరి నాలుక మీదికి వచ్చింది. పంటితో పట్టి లాగి, నాడెను మళ్లీ విసిరింది.

నవనీత కండెలు నానుతున్న గిన్నెలోకి చూసింది, తొట్టి నీళ్లే. ఆ 'సుయ్' చప్పుడు వింటూనే ఆమె పెరిగింది. ఉయ్యాల్లో అదే చప్పుడు, బడి పాఠాలు చదువుకుంటుంటే అదే చప్పుడు. అమ్మ ఒక్క రోజులో ఎన్నిసార్లు నాడెను ముద్దుపెట్టుకుంటుందో ఎవరూ లెక్కపెట్టరు. తొట్టి కట్టినప్పుడు ఆ నీళ్లను చేపలకు పోసి చూశారు, ఎలుకలకు తాగించి చూశారు. అదంతా రంగు పారే రోజుల్లో. ఆకలిగా ఉన్న నీళ్లను ఎవరూ చూడలేదు. చేపలు నేయవు, ఎలుకలు నేయవు. తను మాత్రం నేతగాళ్ల ఇంట్లో పుట్టింది.

ఆ రోజే ఊళ్లో బిందెలన్నీ పారబోయించారు. తొట్టి నిండా సున్నం పోసి మూసేశారు. తొట్టిలో ఉన్నది చచ్చింది. ఒంట్లో ఉన్నదానికి సున్నం పోయలేరు. బూజును చంపే మందులన్నీ లాబులో వరసగా వేసి చూశారు. చచ్చినట్టే ఉండి, తొక్క తునకల లోపలి నుంచి మళ్లీ పోగులు లేచేవి. ఆస్పత్రిలో మళ్లీ రక్తం ఎక్కించారు. ఎక్కించిన రక్తం దానికి మేత అయింది. ఈసారి మూడు రోజులు కూడా ఆగలేదు. ఇంకోసారి తీసుకురండి కానీ ఏమీ చెప్పలేమన్నాడు డాక్టరు. సత్తయ్యను తీసుకెళ్లినవాళ్లు ఆ పూటే అంబులెన్సులో వెనక్కి తెచ్చారు. తెల్లగుడ్డ కప్పి.

అతన్ని మట్టి చేసి వచ్చిన మర్నాడు నవనీత లాబులో ఒక పని చేసింది. ఎందుకు చేసిందో తర్వాత తలుచుకున్నా తనకు సరిగ్గా తెలియలేదు. గాజుపలక మీద తల్లి రక్తం చుక్క, దానిలో పాకుతున్న పోగులు. దాని పక్కనే తండ్రి వాడే ఎర్రరంగు నీటిచుక్క ఒకటి వేసి, రెంటినీ కలిపింది. కన్ను తియ్యకుండా చూసింది. కాసేపటికి పోగులు ఆగాయి. తర్వాత, గడ్డి వాసన పసిగట్టిన మేకల్లాగా, ఒక్కొక్కటే తలలు తిప్పుకున్నాయి. రక్తాన్ని వదిలి రంగువైపు పాకాయి. సాయంత్రం దాకా రక్తకణం ఒక్కటి కూడా తెల్లబడలేదు. రంగు అయిపోయాక మళ్లీ వెనక్కి వచ్చాయి.

"బయట అనకు," అన్నాడు ఖదీర్ సారు. ఆయన ముఖం ఒక్కవారంలో పదేళ్లు ముదిరింది. "అది మందు కాదమ్మా. మనం విషమని తీసేసింది అదే. కేన్సరు తెచ్చేది."

"ఇంకేమన్న ఉందా సార్?"

ఆయన ఫోను అందుకున్నాడు. ఈ బూజును ఇంకో రెండు అద్దకం ఊళ్లకు వాళ్లే పంపారు. అక్కడా వానలే. మొదటి ఊళ్లో ఎవరూ ఫోను ఎత్తలేదు. రెండో ఊళ్లో ఎత్తినవాళ్లు, మీకే చేద్దామనుకుంటున్నాం సార్, ఇక్కడ మగ్గపోళ్లకు ఏదో పాండురోగం వచ్చింది అన్నారు.

నవనీత ఇంటికి చేరేసరికి వాన వెలిసి, మబ్బుల సందుల్లోంచి నీరెండ పడుతోంది. అండాలును మగ్గం ఉన్న గదిలోనే మంచం మీద పడుకోబెట్టారు. వేరే గదిలో ఉండనంది. పెదాలు బత్తాయి తొక్క లోపలి పొరలా ఉన్నాయి. వైకుంఠం మంచం పట్టె మీద కూర్చుని ఆమె అరికాళ్లు రుద్దుతున్నాడు.

"వచ్చినవా," అంది అండాలు. ఒక్కో మాటకూ ఊపిరి కూడదీసుకుంటోంది. "చెప్పు. ముఖం చూస్తే ఏదో దొరికినట్టుంది. దొరకరానిది దొరికినట్టుంది."

నవనీత చెప్పొద్దనుకునే వచ్చింది. నేల మీద కూర్చుంది. తల్లి చెయ్యి చేతిలోకి తీసుకుంటే చల్లగా, తేలికగా, ఎవరో లోపలంతా తోడేసినట్టు ఉంది. అప్పుడు చెప్పింది. గాజుపలక మీద చూసినదంతా, ఉన్నదున్నట్టు.

చూరు నీళ్లు వాకిట్లో పడుతున్న చప్పుడు.

"అంటే," అన్నాడు వైకుంఠం, "రంగుంటె రక్తం జోలికి పోదు."

"పోదు నాయినా. రంగు అయిపోయేదాంక."

"అయిపోతె?"

"మళ్ల తాగాలె."

"ఎన్ని దినాలు?"

"బతికినన్ని దినాలు," అంది నవనీత. వైకుంఠం చేతులు అండాలు పాదాల మీదే ఆగిపోయాయి. ఎన్నేళ్లు కడిగినా పోని రంగు ఆ గోళ్ల మొదళ్లలో ఇంకా ఉంది.

"మా లింగస్వామి..." అని మొదలుపెట్టి ఆపేశాడు.

"లింగస్వామి ఇరవై ఏండ్లు బతికిండు గద రంగుల పడి," అంది అండాలు. "నాకు ఇరవై ఏండ్లు చానా ఎక్కువ. అన్ని ఏండ్లు నీతోటి ఏగాలంటె రంగు లేకున్న సస్త."

ఎవరూ నవ్వలేదు. ఆమే నవ్వబోయి, ఊపిరందక ఆగి, కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచింది. ఈసారి గొంతులో ఎగతాళి లేదు.

"బాలమణిని గూడ పిలువు బిడ్డా. దానికి ఇద్దరు ఆడపిల్లలు."

"అమ్మా, అది మందు గాదు. వద్దు. పొద్దున మళ్ల నల్లగొండ పోదాం. ఇంకో రక్తం..."

"ఎవలదో రక్తం తెచ్చి దానికి పెట్టుడెందుకు? వాళ్లు గూడ కన్నతల్లి బిడ్డలే గద." అండాలు భర్తవైపు తల తిప్పింది. "ఏమయ్యా. గట్ల కూసుంటవేంది. ఏదో ఒకటి అను."

వైకుంఠం భార్య పాదాలను దుప్పటి కింద పెట్టి, అంచు సర్దాడు. లేచి నిలబడ్డాడు. ఎంత నీటికి ఎంత రంగు అయితే ఒక్కరోజు ఆగుతుందో నవనీత వేసిన లెక్క ఆమె గొంతులోనే ఉంది. అడుగుతాడేమోనని ఆయన ముఖంలోకి చూసింది. అడిగితే చెప్పాలా, నోరు మూసుకోవాలా అన్నది తేల్చుకోలేక చూసింది.

ఆయన ఆమెను చూడలేదు. వాకిట్లోకి దిగాడు. వరసగా బోర్లించి ఉన్న గోలేల్లో చిన్నదాన్ని రెండు చేతులా పట్టి తిప్పి, నిటారుగా నిలబెట్టాడు. తర్వాత ఎర్రరంగు తేవడానికి రంగులపాక వైపు నడిచాడు.